మగ్గం ఎక్కనిస్తే గదా!
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

నేను టీచర్ ట్రైనింగ్ చేసిన కాలేజీల నలుగురికి ఒక కంప్యూటర్ ఉండేది. కీబోర్డు ముందు ఎప్పుడూ మగపిల్లగాడే కూసునేటోడు. మేం పక్కన నిలబడి రికార్డులు రాసేవాళ్లం. మా చేతిరాత ముత్యాలట! మార్కులు అందరికీ మంచిగనే వచ్చినయి. ఉద్యోగంలో చేరినాక పిల్లల వివరాలు కంప్యూటర్ల ఎక్కించమంటే మాత్రం నా చెయ్యి వణికింది.

కండెలు చుట్టే పిల్లకు నేత రాదంటే తప్పెవరిది? మగ్గం ఎక్కనిస్తే గదా వచ్చేది!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మహారాష్ట్రలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 38 శాతం, మగవాళ్లు 61.5 శాతం. 2023 అసర్ సర్వే పల్లెల్లో 14-18 ఏండ్ల వాళ్లను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడవచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతమైతే, అమ్మాయిలు 19.8 శాతమే. ఆ వయసు దాటంగనే ట్రైనింగుకు వస్తరు. తేడా ఇంటి నుంచే మోసుకొస్తరు.

దీనివల్ల పోయేది ఉద్యోగమే. మన రాష్ట్రంలో టీచర్ కొలువుకు రాసే 'టైట్' పరీక్ష కంప్యూటర్ మీదనే. 2 గంటల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకండ్లు. మౌస్ అలవాటు లేని పిల్లకు ఆ 36 సెకండ్లు ఎట్ల సరిపోతయి? ఆ తర్వాత పవిత్ర పోర్టల్. మా వాడకట్టు అమ్మాయి ఒకామెకు ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకు పోయేది. ఆయనేమో భివండిల, పవర్‌లూం రాత్రి షిఫ్టుల. ఆయన చూసి చెప్పేలోపు టైం అయిపోయేది. మూడుసార్లు అట్లనే. ఆఖరికి తమ్ముడు నెట్ సెంటర్‌కు పోయి, తనకు తోచిన స్కూళ్లు నొక్కి వచ్చిండు. ఏం నొక్కిండో ఈమెకు తెల్వదు. చదివింది ఎవరు, నొక్కింది ఎవరు?

సిరొంచ పిల్లలు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. దీక్షా యాప్‌లో రెండు భాషల పాఠాలూ ఉన్నయి. అది తెరవడం వచ్చిన టీచరమ్మ మన ఇంటి నుంచే పోతే, ఒకటో తరగతి పిల్లకు ముందు తెలుగుల చూపించి, తర్వాత మరాఠీ చెప్పొచ్చు.

ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేసిండు. పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ యంత్రం దగ్గర కూసునేది ఎవరు? ఎక్కువగా మన ఆడోళ్లే. వాళ్లకు మిషన్ రాదని ఎవ్వరూ అనలేదు, ఎందుకంటే అది వాళ్ల చేతికే ఇచ్చిన్రు.

తల్లిదండ్రులకు ఒక మాట. ట్రైనింగ్ చేసే బిడ్డకు తన పేరు మీద సిమ్ ఇప్పించండి. చీటీ డబ్బులల్ల కొంత పక్కన పెడితే పాత ఫోనైనా వస్తది.

ఇక మన సమాఖ్య ఆఫీసుల కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉన్నది. ఆదివారం పొద్దున అది ఆడపిల్లలకే. అన్నదమ్ములు రావొచ్చు, నోటితో చెప్పొచ్చు, మౌస్ మాత్రం ముట్టొద్దు. తాళంచెవి అధ్యక్షుల దగ్గర అడిగి తీసుకున్న. ఈ ఆదివారం 9 గంటలకు తలుపు తీస్త.