బరోడా కళాభవనము – మన కర్తవ్యము



ఈ పఠనమందిరమున చేతిపనుల విద్యనుగూర్చి ముచ్చటింపుడని నిర్వాహకులు మమ్ము కోరిరి. సిద్ధాంతములు ఏకరువు పెట్టుటకన్న నొక విద్యాలయముయొక్క చరిత్రము చెప్పుట మేలని మాకు తోచినది. అది మన యాంధ్రదేశమందలిది కాదు. ఘూర్జరదేశమున బరోడా నగరమందలి కళాభవనము. నేడది మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయమున నొక శాఖ. కాని విశ్వవిద్యాలయము 1949లో నేర్పడినది. కళాభవనము 1890లోనే వెలసినది. తల్లికంటె ముందు బిడ్డ పుట్టిన చిత్రమిది!

అది పుట్టిన కాలమెట్టిది? మంజిష్ఠవేరునందుండు నెఱ్ఱరంగును బొగ్గుతారునుండి చేయు విధమును 1868లో జర్మను రసాయనవేత్తలు కనుగొనిరి. ఆ దెబ్బ యెట్టిదో బందరు ప్రాంతమువారికి మేము చెప్పనక్కఱలేదు. తరతరములుగా మన అద్దకపువారు చిరివేరు నుడికించి కలంకారీ వస్త్రములకు రంగుపట్టించిరి. సీమనుండి డబ్బాలలో వచ్చిన పొడి చౌక. దానితో పని సులువు. చిరివేరు మూలబడినది. 1897లో కృత్రిమమైన నీలిమందు సయితము బజారుకెక్కినది. మన పనివాడు నేర్పు లేక యోడిపోలేదు. ఆ నేర్పునకు వెనుకనున్న శాస్త్రము వానికందలేదు. శాస్త్రము చదివినవానికి రంగుతొట్టిలో చేయిపెట్టుట నామోషి. తొట్టిలో చేయిపెట్టినవానికి శాస్త్రముండు భాష రాదు. ఈ నడిమి గోడను పడగొట్టుటకే కళాభవనము వెలసినది.

దీనికి మూలపురుషుడు త్రిభువనదాస కల్యాణదాస గజ్జరుగారు. వీరు 1863లో సూరతు పట్టణమున వడ్రంగుల వంశమున జన్మించిరి. బొంబాయిలో రసాయనశాస్త్రము నభ్యసించి, బరోడా కళాశాలలో నాచార్యపదవి నందిరి. ఇట్లు ఉలి పట్టిన యింటను, శాస్త్రము చదువు శాలయందును సమానముగా మెలగినవారగుటచే, రెంటికిని గల యెడము వారికి తెలిసినంతగా నితరులకు తెలియలేదు. పనివాని బిడ్డకు వాని మాతృభాషయందే శాస్త్రము చెప్పవలెనని వారి పట్టుదల. నేత, అద్దకము, వడ్రంగము, యంత్రశిల్పము, చిత్రలేఖనము బోధింపబడినవి. బోధింప పుస్తకములు లేవు. పుస్తకములు వ్రాయ శబ్దములు లేవు. అందుచే గజ్జరుగారు పారిభాషిక పదముల కూర్పునకును, గ్రంథరచనకును పూనుకొనిరి. మహారాజు శాయాజీరావుగారు వారికి అండగా నిలిచిరి. నిర్బంధ ప్రాథమిక విద్యను 1893లో అమ్రేలీ తాలూకాలోను, 1906లో సంస్థానమంతటను నెలకొల్పిన ప్రభువు లీయనయే.

ఫలము లెట్టివి? 1913లో "రాజా హరిశ్చంద్ర" చలనచిత్రము నిర్మించిన దాదాసాహెబు ఫాల్కేగారు ఈ శాలలో శిక్షణపొందినవారే. గజ్జరుగారు 1896లో బరోడాను విడిచి బొంబాయి చేరిరి. వారు తలపోసిన మహాప్రణాళికలో కొంతభాగమే నెఱవేరినది. అయినను వేసిన విత్తు వమ్ము కాలేదు. 1907లో బరోడాలో నెలకొన్న అలెంబిక్ రసాయన కర్మాగారమునకు వారును, కోటిభాస్కరు, అమీనుగార్లును ఆద్యులు.

1949లో కళాభవనము విశ్వవిద్యాలయమున గలసి యంత్రశిల్పశాఖ యైనది. 1950లో లలితకళలకు వేఱొక శాఖ యేర్పడినది. మన మెదకుజిల్లా నిజాంపురము బిడ్డ లక్ష్మాగౌడుగారు 1963లో నచటికేగి భిత్తిచిత్రములను, ముద్రణకళను నేర్చివచ్చిరి. ఈ పెంపునకు మేము సంతసించుచున్నాము. కాని యొక్కమాట దాపఱికము లేక చెప్పవలెను. పట్టములు వచ్చినవి, గౌరవము వచ్చినది. బోధనభాష మాత్ర మాంగ్లమైనది. ఎవని బిడ్డకొఱకు తలుపులు తెఱచిరో వాడే గుమ్మమువద్ద భాషనుజూచి జంకవలసివచ్చినచో, పడిన గోడ మరల లేచినట్లే గదా!

మనకును అట్టి ప్రయత్నము లేకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి బందరున జాతీయకళాశాలను స్థాపించి, చదువుతోబాటు చేతిపనులను నేర్పించిరి. 1922లో వారస్తమించువఱకు దానికే తమ జీవితమును ధారవోసిరి. వారిని సభలలో స్తుతించుచున్నాము. మంచిదే. కాని మన పిల్లవాడు వడ్రంగము నేర్తునన్న రోజున మనమేమనుచున్నాము? "చదువబ్బలేదు, పాపము" అనుటలేదా? ఆ మాట మన యిండ్లలో వినబడునంతకాలము ఏ విశ్వవిద్యాలయమును మనల నుద్ధరింపజాలదు.

కడపట నొక్క మనవి. ఈ మందిరపు బీరువాలను మేమిప్పుడే చూచితిమి. నవలలున్నవి, పురాణములున్నవి, నాయకుల చరిత్రములున్నవి. రేపొక అద్దకపువాడు వచ్చి, ఏ రంగు ఏ నూలునకు నిలుచునో, ఏల నిలుచునో తెలుపు తెలుగుపుస్తకమిండని యడిగినచో, మీ గ్రంథపాలకుడు వాని చేతిలో నేమి పెట్టును? గజ్జరుగారి పని యక్కడనే యారంభమైనది. మన పనియు నక్కడనే యారంభింపవలెను. చదివినవారు పనివానికడ కూర్చుండి వాని నోటిమాటలు వ్రాసికొనుడు. వాని కక్కఱయగు శాస్త్రమును వాని పలుకుబడిలో వ్రాసియిండు. ఏడాది కొక్క పుస్తకమైనను ఈ బీరువాలో చేరినచో, ఈ సాయంకాలము వ్యర్థము కాలేదని మేము తలంతుము.