చర్చి ఆర్గన్, నొటేషన్ సాఫ్ట్‌వేర్, మన తండా పాట
(గౌడవెల్లిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాంకేతికత, సంస్కృతి, యువత అనే విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం ఎత్తుకుంటే పది నిమిషాల్లో మీరంతా ఫోన్లు తీస్తారు. ఇన్నేళ్ళ వార్డెన్ ఉద్యోగంలో ఆ మాత్రం తెలిసింది. అందుకే ఒక చిన్న సంగతి తీసుకుంటాను. కంప్యూటర్‌లో సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దానితో చర్చిలో ఆర్గన్ మీద కీర్తన వాయించడం ఎలా? అదే పనిముట్టు మన తండా పాట దగ్గరికి వస్తే ఏమవుతుంది?

ముందే ఒక మాట చెప్పాలి. మనలో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టే ఇళ్ళున్నాయి, ఆదివారం చర్చికి పోయే ఇళ్ళున్నాయి, రెండూ ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. మా హాస్టల్‌లో మేం ఏ ప్రార్థనా నేర్పం, ఎవరి ప్రార్థనా ఆపం. ఈ రోజు నా మాట సంగీతం గురించే. కాబట్టి ఎవరూ కుర్చీలో ఇబ్బందిగా కదలక్కర్లేదు.

మా దగ్గర ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పనని మాటిచ్చాను. ఆమె వెళ్ళే చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఈమె చెవితో విని ఒక వేలితో వరస పట్టగలదు. అంతే వచ్చు. సికింద్రాబాద్ పోయి నేర్చుకోవాలంటే ఫీజు, రాకపోకలు, హాస్టల్ టైము, మూడూ అడ్డమే. స్టడీ అవర్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "మేడం, కంప్యూటర్ రూం తాళం ఇస్తారా?" అంది. అప్పటి నుంచి నాకూ ఈ సాఫ్ట్‌వేర్ కొంత తెలిసింది.

దాని పేరు మ్యూజ్‌స్కోర్. ఉచితం. డబ్బు కట్టకుండా దించుకోవచ్చు, పాత కంప్యూటర్‌లోనూ దాని పాత రూపం నడుస్తుంది. అయిదు గీతల మీద స్వరాలు పెడతాం. ఎన్ మీట నొక్కితే రాసే స్థితిలోకి వస్తుంది. అయిదు అంకె నొక్కితే ఒక దెబ్బ స్వరం, నాలుగు నొక్కితే అరదెబ్బ, ఆరు నొక్కితే రెండు దెబ్బలు. రాసింది వెంటనే వినిపిస్తుంది. తప్పు రాస్తే చెవి చెప్పేస్తుంది, దిద్దుకుంటాం. టీచర్ ట్రైనింగ్‌లో మాకు తెలిసినదాని నుంచి తెలియనిదానికి పొమ్మని నేర్పారు. ఈ అమ్మాయీ అలాగే చేసింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటనే ముందు తీసుకుంది. వరస తెలుసు, గీతల మీద చుక్కలే కొత్త. నెల తిరిగేసరికి చుక్కలు చూసి వరస చెప్పడం మొదలుపెట్టింది.

ఇంగ్లీషు రాగాల కీర్తనల్లో మామూలుగా నాలుగు గొంతులు ఉంటాయి. ఆడవాళ్ళ పై గొంతు, కింది గొంతు, మగవాళ్ళ పై గొంతు, కింది గొంతు. అసలు ఆర్గన్‌కు చేతులు వాయించే మెట్ల కింద కాళ్ళతో వాయించే కట్టెల వరస కూడా ఉంటుంది. అందుకే ఆర్గన్ సంగీతాన్ని మూడు వరసల గీతల్లో రాస్తారు. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి, కాళ్ళకు ఒకటి. మన చుట్టుపక్కల చిన్న చర్చిల్లో ఆర్గన్ అంటే 61 మెట్ల కీబోర్డులో ఆర్గన్ అని రాసి ఉన్న ఒక మీట. కాళ్ళ పని లేదు. కింది గొంతు ఎడమ చేతికే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మిగతా గొంతులు మూసేసి ఒక్క గొంతునే వినొచ్చు, వేగం సగానికి తగ్గించొచ్చు, కష్టమైన రెండు గీతలనే మళ్ళీ మళ్ళీ తిప్పొచ్చు. విసుక్కోని మాస్టారు దొరికినట్టే. ఆ అమ్మాయి ముందు ఎడమ చేయి ఒక వారం, తర్వాత కుడి చేయి, తర్వాత రెండూ కలిపింది. స్వరస్థానం కూడా మార్చుకుంది. పుస్తకంలో ఉన్న శ్రుతిలో పై స్వరాలు మన ఆడవాళ్ళకు అందవు. మనవాళ్ళు గొంతు విప్పి కింది స్థాయిలో పాడతారు. మొత్తం పాటను రెండు మెట్లు దించడానికి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క క్షణం చాలు.

సాఫ్ట్‌వేర్ చెప్పనివి కూడా ఉన్నాయి. అసలు పాఠం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

పియానో మెట్టు గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా పలుకుతుంది. ఆర్గన్ అలా కాదు. ఎలా నొక్కినా ఒకటే గట్టితనం. వేలు ఉన్నంతసేపు స్వరం ఉంటుంది, వేలు తీయగానే పోతుంది. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో వేలు ఎత్తాలి, లేకపోతే రెండూ కలిసి ఒక పొడుగు స్వరమై కూర్చుంటాయి. పాడేవాళ్ళు తప్పిపోతారు. ఆర్గన్ వాయించేవాడి పనితనం వేలు నొక్కడంలో కన్నా వేలు ఎప్పుడు ఎత్తాడనే దాంట్లో ఉంది.

ఇంకొకటి ఊపిరి. కంప్యూటర్‌కు ఊపిరి అక్కర్లేదు. చరణం చివర ఒక్క క్షణం కూడా ఆగకుండా రెండో పాదంలోకి దూకుతుంది. చర్చిలో ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకు ఊపిరి కావాలి. ఆ అమ్మాయి ప్రతి పాదం చివర ఊపిరి గుర్తు పెట్టి, దానికి ఎంతసేపు ఆగాలో కూడా చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది. కానీ ఎంతసేపు అనేది ఎక్కడ దొరికింది? పాడేవాళ్ళను చూసి నేర్చుకుంది.

మూడోది మాట. ఇంగ్లీషు కీర్తనల్లో చాలావాటికి మొదటి స్వరం తేలిక దెబ్బ మీద పడుతుంది, బరువు రెండో స్వరం మీద ఉంటుంది. ఆ భాష మాట తీరుకు అది సరిపోతుంది. తెలుగులో మాట బరువు ఎక్కువగా మొదటి అక్షరం మీదనే. తర్జుమా చేసి అదే వరసలో కూర్చోబెడితే మాట నడుం మీద బరువు పడి వంకర పోతుంది. మీరు చర్చిలో ఎన్నోసార్లు విని ఉంటారు, ఎందుకో తెలియక ఊరుకుని ఉంటారు. స్వరాల కింద అక్షరాలు ఒక్కొక్కటిగా టైపు చేస్తే ఆ వంకర కంటికి కనిపిస్తుంది. ఒక అక్షరం తర్వాత చిన్న గీత మీట కొడితే తర్వాతి స్వరం కిందికి పోతుంది, మాట అయిపోతే ఖాళీ మీట. తెలుగు లిపి చక్కగా వస్తుంది. మన గోర్ బోలీకి సొంత లిపి లేదు కాబట్టి దాన్నీ తెలుగు లిపిలోనే అలాగే పెట్టొచ్చు.

ఇంతా చేశాక ఏమైంది? ఆ చర్చి పెద్దాయన ఒకాయన ఫైలు విన్నారు. "ఇంత బాగా వస్తుంటే ఇక వాయించడం ఎందుకమ్మా, ల్యాప్‌టాప్‌ను స్పీకర్‌కు కలిపేద్దాం" అన్నారు. ఆయన చెడ్డగా అనలేదు, మెచ్చుకుంటూనే అన్నారు. ఆ పిల్ల ఆ రాత్రి మెస్‌లో అన్నం తినలేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వాయించేవాళ్ళు ఎవరూ లేని చోట, చావు ఇంట్లోనో పండుగలోనో, ఫైలు పెట్టుకుంటే తప్పేం లేదు. మిడి ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పెడితే చాలా కీబోర్డులు తీసుకుంటాయి కూడా. కానీ నేర్చుకున్న పిల్ల ఎదురుగా ఉండగా ఫైలు పెట్టడం అంటే, ఎక్కాలు వచ్చిన పిల్లను కూర్చోబెట్టి క్యాలిక్యులేటర్‌తో హాజరు వేయించడమే. పాడేవాళ్ళు ఆగితే ఫైలు ఆగదు. ఆ రోజు ఎవరో ఏడుస్తూ చరణం సాగదీస్తే ఫైలు సాగదీయదు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం, మిజోరం దాకా. అక్కడివాళ్ళూ మనలాగే గిరిజనులు. 1894లో మిషనరీలు వచ్చారు, తర్వాత వేల్స్ దేశంవాళ్ళు వచ్చారు. వాళ్ళు అయిదు గీతల నొటేషన్ కాకుండా టానిక్ సోల్ఫా నేర్పారు. ఇంగ్లండులో శారా గ్లోవర్ అనే టీచరమ్మ మొదలుపెట్టి జాన్ కర్వెన్ వ్యాప్తి చేసిన పద్ధతి అది. డో, రే, మీలను మామూలు అక్షరాలతో రాస్తారు. మన స రి గ మల లాంటిదే. ప్రత్యేకమైన అచ్చు సామాను అక్కర్లేదు, మామూలు ప్రెస్సు చాలు. మిజోలు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే ఇవాళ్టికీ వాళ్ళ పాటల పుస్తకాల్లో సోల్ఫా అచ్చవుతుంది, మామూలు ఊళ్ళలో కూడా చూసి నాలుగు గొంతుల్లో పాడతారు. ఇంకో విశేషం. వాళ్ళ డోలు, ఖువాంగ్ అంటారు, మొదట్లో చర్చి బయటే ఉండేది. 1919 తర్వాతి ఉజ్జీవ కాలంలో అది లోపలికి వచ్చింది, దానితోపాటు నిదానంగా సాగే వాళ్ళదైన పాట తీరు కూడా వచ్చింది. నొటేషన్ నేర్చుకున్నారు, డోలు వదల్లేదు.

మన తెలుగు నేల మీద కూడా ఈ తర్జనభర్జన పాతదే. పురుషోత్తమ చౌదరి, 1803 నుంచి 1890 దాకా జీవించినాయన, తెలుగు రాగాల్లో, తాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. డోర్నకల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తెలుగు పాటలను, మన తీరు ఆరాధనను ప్రోత్సహించారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి చర్చి కట్టడం చూసినా మన దేశపు పోకడ కనిపిస్తుంది. డోర్నకల్ చుట్టూ ఎన్ని తండాలున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయితే రాగంలో ఉన్న కీర్తనను ఆర్గన్ మీదికి తెచ్చినప్పుడు ఒక ఇబ్బంది ఉంది. గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది, ఊగుతుంది. ఆర్గన్ మెట్లు విడివిడి. మధ్యలో ఏమీ లేదు. పైగా కింద మూడు స్వరాల గుత్తి పెట్టగానే రాగం రంగు మారిపోతుంది. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: ఇలాంటి పాటకు నాలుగు గొంతులు రాయకు. ఎడమ చేత్తో షడ్జమం, పంచమం మాత్రం పట్టుకో, కుడి చేత్తో వరస వాయించు, మిగతాది పాడేవాళ్ళకు వదిలెయ్. ఆర్గన్ స్వరం తగ్గకుండా నిలుస్తుంది కాబట్టి తంబూర పని బాగా చేస్తుంది.

ఇక మన పాట. తీజ్ తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తూ ఆడపిల్లలు పాడేవి, ఒకరు అంటే అందరూ అందుకునేవి, నొటేషన్‌లోకి బాగానే వస్తాయి. తక్కువ స్వరాలు, తిరిగి తిరిగి వచ్చే వరస. మీలో ఎవరైనా ఒక సాయంత్రంలో రాయగలరు. నగారాకు కూడా ఒక గీత వేసి దెబ్బలు రాయొచ్చు. కీబోర్డులో ముందే నింపిన తాళం మీట నొక్కి మన పాటను దాని మీద పరుగెత్తిస్తున్నారు చూడండి, ఆ పని మాత్రం చేయకండి. నగారా వాయించేవాడు ఊళ్ళో ఉండగా ఆ మీట ఎందుకు?

ఢావ్లో సంగతి వేరు. పెళ్ళికూతురు పుట్టింటి నుంచి కదిలేటప్పుడు యాడి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేది. దానికి దెబ్బల లెక్క లేదు, ఊపిరి ఎంతుంటే పాదం అంత. స్వరం రెండు మెట్ల మధ్య ఎక్కడో ఆగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గడి పొడుగు మార్చొచ్చు, నిలువు గీతలు కనిపించకుండా చేయొచ్చు, పావు స్వరం గుర్తులూ ఉన్నాయి. అంతా చేశాక కాగితం మీద కనిపించేది పాట ఎముకలే. ఢావ్లో వరసకు కీర్తన మాటలు కట్టి ఆర్గన్ మీద వాయిస్తే బాగుంటుందని ఒక తమ్ముడు అడిగాడు. నాకు ఇష్టం లేదు. తీజ్ వరసకు ఎవరి భక్తి మాటలు కట్టుకున్నా పాడిన యాడీలు నవ్వి ఊరుకుంటారేమో. ఢావ్లో ఒక పిల్ల తన ఇంటికి చెప్పుకునే మాట, దాన్ని సభలో వాయించే ముందు ఆమెను అడగాలి. ఇది నా మాట. మీ పెద్దలు వేరేలా చెప్పొచ్చు, వాళ్ళతో వాదించండి.

రాయడానికి మాత్రం ఆలస్యం చేయొద్దు. ఢావ్లో మొత్తం వచ్చినవాళ్ళు మన తండాల్లో ఇప్పుడు అరవై దాటినవాళ్ళు. మీ అక్కల పెళ్ళిళ్ళలో డీజే మోగింది, ఢావ్లో ఎవరు పాడారు?

పని ఎలా చేయాలో చెప్పి ముగిస్తాను. ముందు ఫోన్‌లో రికార్డు చేయండి, అడిగి చేయండి. పక్కన ఫ్యాను ఆపండి. పాడినామె ఆగిన చోట మీరు మాట్లాడకండి, ఆ ఆగడం కూడా పాటే. తర్వాత మ్యూజ్‌స్కోర్‌లో వరస రాయండి. స్వరాల కింద మొదటి వరసలో స రి గ మలు, రెండో వరసలో గోర్ బోలీ మాటలు పెడితే అయిదు గీతలు చదవరానివాళ్ళు కూడా పాడుకుంటారు. రచయిత పేరు రాసే చోట మీ పేరు పెట్టొద్దు. పాడినవారి పేరు, తండా, తేదీ, వాళ్ళు సరేనంటే రాయండి. మీ పేరు రాసినవారి చోట ఉంటుంది. కొత్త కీర్తనలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది, కాబట్టి ఇప్పటివాళ్ళ పాటలు రాసి పంచే ముందు అనుమతి తీసుకోవాలి. ఫైలును మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో కూడా దాచండి, రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ వచ్చినా తెరుచుకుంటుంది. రికార్డింగును, ఫైలును ఒకే పేరుతో ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. కాగితం తప్పు రాసిందేమో చూసుకోవడానికి గొంతు పక్కనే ఉండాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం తనే వాయిస్తోంది. కంప్యూటర్ రూం తాళం మీకూ ఇస్తాను. దసరా సెలవుల్లో ఇళ్ళకు పోతారు కదా, తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్క పాట తెండి. హెడ్‌ఫోన్లు మాత్రం మీవే తెచ్చుకోవాలి, మా దగ్గర రెండే ఉన్నాయి.