చేతిసంచిలో మడతచాకు

మొన్న మా కాలేజీ అమ్మాయి 'మేడమ్, బ్యాగులో మడతచాకు పెట్టుకోనా?' అని అడిగింది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యలేదు. 2024లో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ ప్రకారం, అత్యాచారానికి తెగబడినవాణ్ణి ఎదిరించడంలో వాడి ప్రాణం పోయినా అది ఆత్మరక్షణే. అయితే కోర్టులో దాన్ని రుజువు చేసుకోవాల్సిందీ మనమే.

మరి చాకు? సంచిలో వెతకాలి, మడత విప్పాలి, వాడి చేతికి అందేంత దగ్గర్లో నిలబడాలి. లాక్కున్నాడా, అది మన మీదికే వస్తుంది. పైగా అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఇంట్లో దాడి జరిగేవేళ బ్యాగు కొక్కేనికి వేలాడుతుంటుంది!

చాకును నమ్ముకోవద్దనే చెప్పాను. లేకపోతే రేపు 'చాకెందుకు పెట్టుకోలేదు?' అని బాధితురాలినే నిలదీస్తారు. మనం అడగాల్సింది వీధిదీపాలు, రాత్రి బస్సు, ఫిర్యాదు తీసుకునే పోలీసుస్టేషన్.