పందెమున ఆగిన రౌతు



పందెమనగానే మనకు మొదట తోచునది పరుగు. ముందు చేరినవాని మెడలో దండ పడును. వెనుకబడినవానిని మరునాటికి లోకము మరచును. నేటి ప్రసంగమున మేము తలచుకొనబోవు రౌతు అనేక పందెములు గెలిచినవారే. అయినను ఆయన మా మనస్సున నిలిచిపోయినది, గెలుపు చేతికందు దూరమున ఉండగా బండి ఆపినందుకు. ఆయన పేరు పౌలో గొన్సాల్వెస్. పోర్చుగలు దేశస్థులు. 2020వ సంవత్సరము జనవరి 12వ తేదీన అరేబియా ఎడారిలో, పందెము నడుమ, మోటారు సైకిలుపై నుండి పడి కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు 40 ఏండ్లు.

బాన్సువాడలో ఉన్నవారికి పోర్చుగలు రౌతుతో ఏమి బంధుత్వమని మీకు తోచవచ్చును. బంధుత్వము రెండు విధములుగా కలదు. మొదటిది బండి వలన. కడపటి పందెమున ఆయన పోటీ చేసినది మన దేశపు హీరో సంస్థ పక్షమున. ఆ పేరు గల బండ్లు మా బాన్సువాడ బజారులో ఎరువుల దుకాణము ముందర, బ్యాంకు ముందర వరుసలుగా నిలిచి యుండును. యూరియా బస్తా మోయునది అదే. పాలక్యానులు మోయునది అదే. పిల్లలను బడికి చేర్చునదియు అదే. రెండవ బంధుత్వము ఎడారి వలన. నిజాంసాగరు కాలువ క్రింద వరి పండించు మా పల్లెల నుండి ఎందరో గల్ఫు దేశములకు పోయినారు, నేటికిని పోవుచున్నారు. రియాదు, జెద్దా, దమ్మాము అనునవి మా ఇండ్లలోని అవ్వలకు సైతము నోట నానిన పేర్లు. ఆ ఎడారిలో ఒక మనిషి కూలినాడను వార్త మా ప్రాంతమున ఏ ఇంటికిని దూరపు వార్త కాదు.

ఆయన పెరిగిన ఆట మోటోక్రాస్. అది అందరును ఎరిగిన ఆట కాదు గనుక రెండు మాటలు చెప్పవలెను. ఎడ్ల బండి పందెములు చూచిన మన వారికి దానిని ఊహించుట కష్టము కాదు. మట్టినేలపై గుట్టలు, గోతులు, ఇరుకు మలుపులు గల బాటను ఏర్పరచి, దానిపై మోటారు సైకిళ్లను ఒక్కమారుగా వదలుదురు. 1924లో ఇంగ్లండులోని కేంబర్లీ అను చోట ఇట్టి పందెము జరిగినది. ఆనాడు దానిని స్క్రాంబుల్ అనిరి. తరువాత ఫ్రెంచివారి భాషలోని మోటారు సైకిలు మాటయు, క్రాస్ కంట్రీ అను మాటయు కలిసి మోటోక్రాస్ అను పేరు పుట్టినది. ఈ ఆటలో రౌతు సీటుపై కూర్చుండుట తక్కువ. కాలిమెట్లపై నిలిచి, మోకాళ్లు వంచి, నేల కొట్టు దెబ్బను తన కాళ్లలోనికి పుచ్చుకొనును. లేనిచో ఆ దెబ్బ నేరుగా వెన్నునకు తగులును. కాలువగట్లమీద, దమ్ము చేసిన పొలముల ప్రక్కన బండి నడప నేర్చిన మాకు ఈ విద్యలో ఓనమాలు మాత్రము తెలియును. గతుకు వచ్చినప్పుడు పైకి లేవవలెనని మాకు గురువెవరును చెప్పలేదు, నడుమునొప్పి నేర్పినది. ఆ కొంచెపు చనువుతోనే గొన్సాల్వెస్‌ను తోటి రౌతు అని చెప్పుకొను సాహసము చేయుచున్నాము.

ఆయన 1979 ఫిబ్రవరి 5వ తేదీన పుట్టినారు. ఊరు ఎస్పొజెండె. పోర్చుగలు ఉత్తర భాగమున, కావదో నది సముద్రములో కలియు చోట ఉన్న చిన్న పట్టణమది. మంజీర ఒడ్డున పుట్టినవారికి అట్టి ఏటి ఒడ్డు ఊరు పరాయిదిగా తోచదు. స్వదేశమున మోటోక్రాస్‌లోను, దానికి దగ్గరి పందెములలోను అనేక పర్యాయములు విజేతగా నిలిచి, 2006లో మొదటిసారి డాకర్ ర్యాలీకి పోయినారు.

డాకర్ అనునది 1978 డిసెంబరులో పారిస్ నగరము నుండి ఆఫ్రికాలోని డాకర్ పట్టణమునకు మొదలైన దూరపు పందెము. 2009 నుండి 2019 వరకు దక్షిణ అమెరికాలో నడచినది. 2020లో సౌదీ అరేబియాకు మారినది. రెండు వారములపాటు దినమునకొక మజిలీ చొప్పున సాగును. కొన్ని మజిలీలు వందల కిలోమీటర్లు ఉండును. బాట అనునది తరచుగా ఉండనే ఉండదు. ఇసుకతిన్నెల నడుమ రౌతు ఒంటరిగా, బండి ముందర బిగించిన దారి వివరములను చదువుకొనుచు, దిక్కు చూచుకొనుచు పోవలెను. గొన్సాల్వెస్ 2013లో ఇట్టి దూరపు ర్యాలీలలో ప్రపంచ విజేత అయినారు. 2014 డాకర్‌లో ఆయన బండి నిప్పంటుకొని కాలిపోయినది. మరుసటి ఏడు మరల వచ్చి, స్పెయిను దేశపు మార్క్ కోమా తరువాత రెండవ స్థానము పొందినారు. ఇక మిగిలినది ఒక్క మెట్టు.

ఆ మెట్టు 2016లో ఆయన కాలి క్రిందికి వచ్చినట్లే కనబడినది. ఏడవ మజిలీ మొదలగునాటికి అందరికన్న ముందున్నవారు ఆయనే. ఆ దినపు దారి బొలీవియాలోని ఉయూనీ నుండి అర్జెంటీనాలోని సాల్తాకు. ఉయూనీ సముద్రమట్టమునకు సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అచట గాలి పలుచన, ఊపిరి బరువు. ఆ దారిలో ఆస్ట్రియా దేశపు మథియాస్ వాక్నర్ అను రౌతు పడి, తొడ ఎముక విరిగి, కదలలేక ఉన్నాడు. వాక్నర్ వేరొక సంస్థ బండి ఎక్కినవాడు, పోటీదారు. గొన్సాల్వెస్ బండి ఆపినారు. వైద్యులు వచ్చువరకు అతని ప్రక్కనే ఉన్నారు. తరువాతనే బండి ఎక్కినారు.

ఇట్లు ఆగినవారికి పోయిన సమయమును తిరిగి లెక్కకట్టి ఇచ్చు నియమము ఆ పందెమున కలదు, ఆయనకును ఇచ్చినారు. కావున ఇందులో త్యాగమేమని ఎవరైన అనవచ్చును. బండి నడిపినవారు అట్లు అనరు. వేగమున పోవు రౌతునకు ఒక ఊపు ఉండును. చెమట ఆరి, చేతులు బిగుసుకొని, మనస్సు చెదరిన తరువాత ఆ ఊపు మరల రాదు. నిమిషములు తిరిగి ఇయ్యగలరు గాని ఊపును ఎవరును ఇయ్యలేరు. పైగా తోటివాని తొడ విరిగియుండగా చూచిన కన్నుతోనే మరల అదే నేలపై అదే వేగమున పోవలెను.

ఆ ఏటి పందెమును గొన్సాల్వెస్ ముగింపలేకపోయినారు. మరి నాలుగు మజిలీలకు తామే పడి, తలకు దెబ్బ తగిలి, తప్పుకొనవలసి వచ్చినది. గెలుపు ఆస్ట్రేలియా దేశపు టోబీ ప్రైస్‌కు దక్కినది. ఇక తొడ విరిగిన వాక్నర్ కోలుకొని, రెండేండ్లకు, 2018లో అదే డాకర్‌ను గెలిచినాడు. గొన్సాల్వెస్‌కు ఆ గెలుపు ఎన్నడును దక్కలేదు. ఈ లెక్కను మేము పలుమార్లు వేసి చూచితిమి. ఆగినవాడు గెలువలేదు, ఎవని కొరకు ఆగినాడో వాడు గెలిచినాడు. ఇట్టి లెక్కలో నష్టమెవరిదో మాకు ఇప్పటికిని తేలలేదు.

2019లో గొన్సాల్వెస్ మన హీరో పక్షమున చేరినారు. ఆ పక్షముననే ఆయనకు బావా బావమరదుల వరుసైన జోవాకిం రోడ్రిగెస్ ఉన్నారు. 2015లో డాకర్‌ను పూర్తిచేసి, ఆ ఘనత పొందిన తొలి భారతీయుడైన బెంగుళూరు రౌతు సి.ఎస్. సంతోష్ కూడ ఉన్నారు. 2020 జనవరిలో జెద్దా నుండి పందెము బయలుదేరినది. అది గొన్సాల్వెస్‌కు పదమూడవ డాకర్. మూడవ మజిలీలోనే ఆయన బండి ఇంజను చెడినది. ఇక గెలుపు మాట లేదు. అయినను ఇంజను మార్చుకొని, గంటల ఆలస్యమును మోసికొని, పందెము సాగించినారు. ఆరవ మజిలీ ముగియునాటికి ఆయనది 46వ స్థానము. రెండవ స్థానము ఎరిగినవాడు 46వ స్థానమునకు సిగ్గుపడక బండి నడుపుట కూడ ఒక విధమైన నిజాయితీయే అని మేమనుకొందుము.

ఏడవ మజిలీ జనవరి 12న రియాదు నుండి వాదీ అల్ దవాసిర్‌కు. సమయము లెక్కించు దూరము 546 కిలోమీటర్లు. అందులో 276వ కిలోమీటరు వద్ద ఆయన పడినారు. మన హైదరాబాదు నుండి విజయవాడకు పోయినంత దూరము పోయిన తరువాత అనుకొనుడు. ఉదయము 10 గంటల 8 నిమిషములకు కబురు అందినది. ఎనిమిది నిమిషములలో వైద్యుల హెలికాప్టరు దిగినది. అప్పటికే ఆయనకు స్పృహ లేదు, గుండె ఆగియున్నది. ఆసుపత్రికి చేర్చినారు గాని ప్రాణము నిలువలేదు.

ఆయన పడినచోట మొదట బండి ఆపినవారు టోబీ ప్రైస్. 2016లో గొన్సాల్వెస్‌కు దక్కని గెలుపును పొందినవారు ఆయనే. 2019లోను గెలిచి, ఆ ఏడు ముందటి విజేతగా వచ్చినవారు. ఆయనకు ఆ దినమున ప్రతి నిమిషమును విలువైనదే. అయినను దిగినారు. స్లొవేకియా దేశపు స్టెఫాన్ స్విత్కో కూడ ఆగినారు. వైద్యులతోపాటు పనిచేసి, గొన్సాల్వెస్‌ను హెలికాప్టరులోనికి ఎక్కించుటకు ప్రైస్ చేయి కలిపినారు. నాలుగేండ్ల క్రితము మరొకని కొరకు ఆగినవాని ప్రక్కన ఇప్పుడు మరొకరు ఆగినారు. మరునాటి మజిలీని మోటారు సైకిళ్లకు రద్దు చేసినారు. హీరో పక్షమువారు పందెము విరమించినారు. 2022 జనవరిలో రోడ్రిగెస్ డాకర్‌లో ఒక మజిలీ గెలిచి, భారతదేశపు సంస్థ బండికి ఆ గౌరవము మొదటిసారి తెచ్చినారు. ఆ వార్త విన్ననాడు మాకు గొన్సాల్వెస్ జ్ఞాపకము వచ్చినారు.

ఇంతవరకు పరుల మాట చెప్పితిమి. మా మాటయు ఒకటి చెప్పవలెను. వానాకాలపు కోతలు ముగిసి, మా ప్రాంతపు రోడ్లపై వడ్లు ఆరబోసిన దినములలో ఒక రాత్రి, నిజాంసాగరు దారిని మేమిద్దరము ఒక బండిపై బాన్సువాడకు తిరిగి వచ్చుచుంటిమి. వడ్లపై బండ్లు ఎక్కకుండ అంచున రాళ్లు పేర్చుట మీరెరిగినదే. అట్టి రాయి తగిలి ఒక మనిషి పడియున్నాడు. బండి ఒక ప్రక్క, మనిషి ఒక ప్రక్క. మేము వేగము తగ్గించితిమి, చూచితిమి, పోలీసు విచారణ, సాక్ష్యము, కోర్టు తేదీలు అన్నియు ఒక్క క్షణమున మనస్సున మెదలినవి. ఆగక ముందుకు పోతిమి. రెండు ఫర్లాంగులు పోయిన తరువాత వెనుకనున్నవాడు భుజము తట్టినాడు. ఏమియు అనలేదు. బండి త్రిప్పితిమి.

మేము చేరుసరికి ఒక ముసలి రైతు అచటనే ఉన్నాడు. తన తువ్వాల మడిచి పడినవాని తలకు అదిమి పట్టుకొని ఉన్నాడు. మమ్ములను చూచి, "జర గిటు లైటు పట్టుండ్రి బిడ్డా" అన్నాడు. అంతే. 108 బండి వచ్చువరకు మేము చేసిన పని ఫోను దీపము పట్టుట. ఆ మనిషి బ్రతికినాడు. మేము ఆగకుండ పోతిమని ఆ రైతునకు తెలియదు. తెలిసిన ఏమనునో అని మేము నేటికిని తలపోయుదుము. ఆ రైతు డాకర్ పేరు విన్నవాడు కాడు. కాని గొన్సాల్వెస్ తోటివాడు అతడే, మేము కాము.

మా భయము ఒక్క మాదియే కాదని ఎరుగుదుము. ఆ భయము తీర్చుటకే, గొన్సాల్వెస్ బొలీవియా దారిలో ఆగిన 2016లోనే, మార్చి 30న మన సుప్రీంకోర్టు, క్షతగాత్రులను ఆదుకొన్నవారిని వేధింపరాదను మార్గదర్శకములకు చట్టబలము కల్పించినది. 2019లో మోటారు వాహనముల చట్టమున 134ఏ అను సెక్షను చేర్చినారు. సద్బుద్ధితో సాయపడినవానిపై, ఆ సాయములో పొరపాటు దొరలినను, సివిలు కేసు గాని క్రిమినలు కేసు గాని నిలువదు. అతడు తన పేరు చెప్పి తీరవలెననియు నిర్బంధింపరాదు. గాయపడిన తరువాతి మొదటి గంటలో చికిత్స అందినచో ప్రాణము దక్కు అవకాశము ఎక్కువ. కావున ఆగుడు. మొదట మీ బండిని దూరముగా నిలిపి, దీపము వెలిగించి, వెనుక వచ్చువారికి తెలియజేయుడు. 108కు కబురు చేయుడు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుడు. మెడ కదలింపకుడు, లేపి కూర్చుండబెట్టకుడు, నోట నీరు పోయకుడు. ఇంతకుమించి వైద్యము మనకు రానక్కరలేదు.

రౌతు కొద్దీ గుర్రమని మన పెద్దలు అన్నారు. అదే బండి ఎడారిలో ఒకరి చేత ఆగినది, మా ఊరి దారిలో మా చేత ఆగక ముందుకు పోయినది. ఈ ప్రసంగము వినువారిలో మా ప్రాంతపు రైతులు ఉన్నచో వారికి ఒక్క మనవి. ఈసారి వడ్లు రోడ్డుపై పోసినప్పుడు, ప్రొద్దు క్రుంకక మునుపే అంచులందలి రాళ్లు తీసివేయుడు. తీయ మరచిన రాత్రి ఎవరైన పడినచో, ఆ దారిని పోవువారమందరము ఆగుదము.

సెలవు.