కూనూరు కొండపై ఒంటిగది
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



హైదరాబాదు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ పేరు వినని వారు అరుదు. అది పుట్టినది హైదరాబాదున గాదు. నీలగిరులలోని కూనూరులో, 1918వ సంవత్సరమున, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌నందలి ఒకే యొక గదిలో పుట్టినది. ఆ గది సంస్థగా పెరిగిన వృత్తాంతమున శాస్త్రమెంత గలదో జమాఖర్చులును అంతే గలవు.

ఆ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ కూడ దానద్రవ్యముతో వెలసినదే. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ కర్జన్ ప్రభువు చేతికిచ్చిన సొమ్ములో కొంత బీహారునందలి పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకును, కొంత కూనూరునకును చేరెను. పిచ్చికుక్క కాటునకు చికిత్స చేయుటకై 1907లో నెలకొల్పిన ఆ భవనమున, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన యేట, రాబర్టు మెకారిసన్ అను ఐర్లండు దేశీయుడైన వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారింప మొదలిడెను.

ఈ వ్యాధి ఉత్తర సర్కారు జిల్లాలకు క్రొత్తది కాదు. కాళ్లు తిమ్మిరెక్కును, కొందఱికి నీరు పట్టి వాచును, తుదకు గుండె సోలిపోవును. వింత యేమనగా, దంపుడు బియ్యము వండుకొను పేదయింట కానరాని రోగము మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యము తిను నింట కనబడుచుండెను. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలోను అది లేదు. కారణము గింజ పైపొరలోనున్న బి1 విటమిను. మర దానిని తవుడుతో తీసివైచును. మిగిలిన కొంచెము కడుగులోను, వార్చిన గంజిలోను పోవును. ఆ తవుడు, కడుగు, గంజి పశువుల తొట్టికి చేరుచుండెను. కావున ఇంటి గేదెకు బెరిబెరి రాలేదు! ధాన్యమును నానబెట్టి ఆవిరి పట్టినచో ఆ సారము గింజ లోపలికింకును, పిమ్మట మర పట్టినను అంతగా నశింపదు.

ఇంతటి సంగతి తేల్చుటకు కావలసిన ధన మెక్కడిది? 1911లో ప్రభుత్వము 5 లక్షల రూపాయల మూలధనముతో భారత పరిశోధన నిధి సంఘమును ఏర్పఱచెను. ఈ సంఘమే 1949లో భారత వైద్య పరిశోధన మండలి యైనది. యుద్ధానంతరము ఖజానా లోటు పడెను. 1922–23లో ఇంచ్‌కేప్ ప్రభువు అధ్యక్షతన పొదుపు సంఘము కూర్చుండి, శాఖ వెంట శాఖ లెక్కలు తీసి, ఖర్చులు కోసెను. వైద్య పరిశోధనకును ఆ కత్తి తగిలెను. కూనూరు విచారణ నిలిచిపోయెను. నారిస్ పండితునితో కలిసి మెకారిసన్ రచించిన వరిబియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చిన గ్రంథము 1924లో వెలువడునప్పటికి, ఆ పని జరిగిన గది మూతపడియే యున్నది.

పొదుపు సంఘము వారిని దూషించుట సులభము. లోటు నిజమే. కాని ఏటికేడు కౌలుకిచ్చిన భూమిలో ఏ రైతును మామిడి మొక్క నాటడు. వరుస మంజూరు లేని పరిశోధనయు నట్టిదే. పైగా ఏమి దొరకునో ముందుగా చెప్పుమని అడిగిన పరిశోధకుడేమి చెప్పగలడు? సంజీవని ఏదో తెలియక హనుమంతుడు పర్వతమునే పెకలించుకొని వచ్చెను. అచట పద్దు పద్దుకు మంజూరు అడిగిన వారెవరును లేరు, లక్ష్మణుని అదృష్టము.

1925లో విచారణ మరల మొదలై, లోపవ్యాధుల విచారణ యను పేరు ధరించెను. ఆ కాలముననే ప్రభుత్వము పెద్ద కేంద్ర వైద్య పరిశోధన సంస్థ నొకదానిని కట్టదలచుచుండెను. 1928లో సర్ వాల్టర్ ఫ్లెచర్ సంఘము దానికి డెహ్రాడూనును సూచించెను. విశ్వవిద్యాలయము గల నగరముండగా కొండపాదమున నేలయని కొందఱు, ఉద్యోగములు సైనిక వైద్యులకేనా, దేశీయులకు లేవా యని కొందఱు వాదించిరి. డెహ్రాడూనులో ఆ భవనము లేవలేదు. అదే 1928లో కూనూరు గది పోషణ పరిశోధనాలయమై, మెకారిసన్ దానికి ప్రథమాధ్యక్షుడాయెను.

అచట ఆయన ఎలుకలకు ఆయా దేశీయుల భోజనములు పెట్టించెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కాయగూరలు గల సిక్కుల ఆహారము తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగెను. మద్రాసు భోజనము తిన్నవి 155 గ్రాములే. సర్కారు జిల్లాలును నాడు మద్రాసు రాజధానిలోనివే గదా! అన్నము తప్పని చెప్పుట గాదు. అన్నము తప్ప పళ్లెములో వేఱొకటి లేకపోవుటయే తప్పని దాని భావము. అంతకు ముందే 1926లో మెకారిసన్, కోయంబత్తూరు వ్యవసాయ రసాయనజ్ఞుడు బి. విశ్వనాథ్ గారు కలిసి, పశువుల ఎరువు వేసిన చేని గింజకును రసాయనపు ఎరువు వేసిన చేని గింజకును పోషణలో భేదమున్నదని ప్రకటించిరి.

1935 నుండి ఎయిక్రాయిడ్ అధ్యక్షుడయ్యెను. 1940లో ఆయన, సహచరులు కలిసి భారతదేశపు బియ్యము సమస్యపై వెలువరించిన గ్రంథమున సర్కారు జిల్లాల ప్రసక్తి విశేషముగా నున్నది. విటమిను మాత్రలు పంచుడని వారు చెప్పలేదు. మరపట్టు తగ్గించుడు, ఉప్పుడు బియ్యము వాడుడు, గంజి పారబోయకుడనిరి. ఉప్పుడు బియ్యపు వాసన గిట్టని వారికి ఆ మాట రుచింపలేదు.

1958లో ఆ పరిశోధనాలయము కూనూరు విడిచి హైదరాబాదు చేరెను. అప్పటికి దేశము స్వతంత్రమైనది, మంజూరు చేయు చేతులు మారినవి. 1969లో నేటి పేరు పెట్టిరి. 2017లో ఆ సంస్థ ప్రకటించిన ఆహార పట్టికలలో 528 పదార్థముల సారము అంకెలలో లెక్కింపబడి యున్నది. అందు ముడిబియ్యము, మరపట్టిన పచ్చిబియ్యము, ఉప్పుడు బియ్యము వేర్వేరు పంక్తులుగా వ్రాయబడినవి. బి1 విటమిను గడిలో మూటికిని మూడు అంకెలు.