పాత కారుకు కొత్త ఇంజను: పెట్రోలు పంపు సంగతి

మన హోసూరు, కోలారు, బెంగుళూరు వైపు పాత ప్రీమియర్ పద్మిని కారును ఇంట్లో మనిషిలా చూసుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. తాతగారు కొన్న బండి, అమ్మడానికి మనసొప్పదు. కానీ దాని 1089 సి.సి. ఇంజను అరిగిపోయింది, విడిభాగాలు దొరకడం కష్టం. అప్పుడు కొందరు మారుతి జిప్సీ కింగ్ 1298 సి.సి. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజను వేయించాలనుకుంటారు. ఆ ఇంజను కూడా పద్మిని ఇంజనులాగే వెనుక చక్రాలను తిప్పేలా అమర్చినదే. అందరి దృష్టీ ఇంజను మీదే ఉంటుంది. పెట్రోలు పంపు చివర్లో గుర్తొస్తుంది. నిప్పు ప్రమాదం పొంచి ఉండేది మాత్రం అక్కడే.

పద్మినిలో పంపు ఇంజను పక్కన ఉంటుంది. ఇంజను తిరిగితే ఒక మీట కదిలి, వెనుక ట్యాంకులోని పెట్రోలును పీల్చి కార్బురేటరుకు ఇస్తుంది. దాని ఒత్తిడి సుమారు 0.3 బార్. అంటే మూడు మీటర్ల ఎత్తున, మేడ మీద ఉన్న ట్యాంకు నుంచి కుళాయిలోకి వచ్చే నీటి ఒత్తిడి అన్నమాట. ఇంజెక్షను ఇంజనుకు కావలసింది సుమారు 3 బార్. అది పది అంతస్తుల మేడ మీది ట్యాంకు ఒత్తిడి! పాత పంపుతో కొత్త ఇంజను నడవనే నడవదు.

చాలామంది "ఎక్కువ లీటర్లు పోసే పంపు కావాలి" అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. పూర్తి బలంతో నడిచేటప్పుడు ఒక హార్సుపవరుకు గంటకు సుమారు 0.3 లీటరు పెట్రోలు కావాలి. 80 హార్సుపవరుకు 24 లీటర్లు. మామూలు ఇంజెక్షను పంపు ఇంతకన్నా ఎంతో ఎక్కువే ఇస్తుంది. కాబట్టి చూడవలసింది ముఖ్యంగా ఒత్తిడి. మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్ళడానికి రెండో గొట్టం కూడా కావాలి.

పంపు ఎక్కడ పెట్టాలి? మన రైతులకు ఇది చెప్పనక్కర లేదు. బావి గట్టున ఉన్న మోటారు కొంత లోతు దాటితే నీళ్ళు పీల్చలేదు. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారు నీటిని పైకి తోస్తుంది. పెట్రోలూ అంతే. దూరం నుంచి పీలిస్తే ఎండాకాలంలో గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతుంది. అందుకే పంపును ట్యాంకులోనే గాని, ట్యాంకు దగ్గర కింది మట్టంలో గాని పెట్టాలి. లోపలి పంపును చల్లబరిచేది పెట్రోలే కనుక, ట్యాంకు అడుగంటే దాకా నడపకూడదు.

ఇక అసలు జాగ్రత్త. పాత రబ్బరు గొట్టాలు 3 బార్ ఒత్తిడికి తట్టుకోవు. పైగా ఇప్పుడు బంకుల్లో పెట్రోలుతో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తోంది, అది పాత రబ్బరును పాడుచేస్తుంది. కాబట్టి ఇంజెక్షను బండికి తగిన గొట్టాలు, క్లిప్పులు కొత్తవి వేయించండి. పంపు వైరును నేరుగా తాళంచెవి స్విచ్చుకు కలపనివ్వకండి. అలా కలిపితే, ప్రమాదంలో ఇంజను ఆగినా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. కంప్యూటరు రిలే ద్వారా కలిపితే ఇంజను ఆగగానే పంపూ ఆగుతుంది. దెబ్బ తగిలితే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్చు కూడా పెట్టిస్తే మరీ మంచిది.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. కార్బురేటరు ఇంజను అలాగే ఉంచి, బలమైన ఇంజెక్షను పంపు బిగించడం. లోపలి నీడిల్ వాల్వు ఆ ఒత్తిడిని ఆపలేదు. పెట్రోలు పొర్లి వేడి ఇంజను మీద పడుతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

మరో మాట. ఇంజను మార్పు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందకు వస్తుంది. ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, రాతపూర్వక అనుమతి వచ్చాకే మొదటి బోల్టు విప్పండి. బీమా కంపెనీకీ తెలియజేయండి.

పని పూర్తయ్యాక, ఇంజను స్టార్టు చేయకముందే పంపు ఒక్కదాన్నే నడిపించి, ప్రతి అతుకునూ చేత్తో తడిమి చూడండి. దగ్గర నిప్పు ఉండకూడదు, పొడి మంటలార్పే సిలిండరు ఉండాలి. ఒక్క బొట్టు తడి కనబడినా ఆ రోజు బండి కదలకూడదు. తాతగారి కారుతో పాటు అందులో కూర్చునే మనవలూ క్షేమంగా ఉండాలి కదా!