కార్బైడు ఉలి: మిగిలిన సమయం ఎవరిది?

(బళ్ళారి సరిహద్దు ప్రాంత మిల్లు కార్మికుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు మిల్లు కార్మికులకు కొయ్య లేతు గురించి ఎందుకని కొందరు అడిగారు. మిల్లుకూ కొయ్య లేతుకూ బంధం పాతది. ప్లాస్టిక్ రాకముందు మనం నూలు చుట్టిన బాబిన్లు లేతు మీద తరిమెన పట్టినవే. బాబిన్ మీద చిన్న పేడు లేచినా పోగు తెగుతుంది. పోగు తెగితే మాట పడేది ఎవరో మీకు చెప్పనక్కర లేదు. ఇవాళ మిల్లులో పని పోయినవాళ్ళు కొందరు మంచం కోళ్ళు, మెట్ల కటకటాలు, చపాతీ కర్రలు తీసే లేతుల దగ్గర చేరుతున్నారు. ఆ షెడ్లలోకి ఇప్పుడు కార్బైడు మొన ఉలి వస్తున్నది. దాని మంచిచెడ్డలు మనం తెలుసుకోవాలి.

మనవాళ్ళు దీన్ని 'విడియా' అంటారు. ఆ పేరు జర్మనీ నుంచి వచ్చింది. బల్బులోని సన్నని టంగ్‌స్టన్ తీగ లాగడానికి వజ్రపు అచ్చులు కావాలి, అవి ఖరీదు. వాటికి బదులు వెతుకుతూ 1923లో కార్ల్ ష్రోటర్ ఈ పదార్థాన్ని తయారుచేశాడు. టంగ్‌స్టన్ కార్బైడు పొడిలో కొంచెం కోబాల్టు కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1400 డిగ్రీల వేడిలో కాలుస్తారు. క్రుప్ కంపెనీ 1927లో లీప్‌జిగ్ సంతలో దీన్ని 'విడియా' పేరుతో ప్రదర్శించింది. 'వజ్రంలాగా' అని దాని అర్థం.

పాత కార్బన్ ఉక్కు ఉలి వేడెక్కి రంగు తిరిగితే పదును పోతుంది. హైస్పీడ్ ఉక్కు సుమారు 600 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కార్బైడు అంతకంటే ఎక్కువ వేడిలోనూ గట్టిదనం వదలదు. తుమ్మ లాంటి గట్టి కర్ర మీద, ఇసుక రేణువులు పట్టిన కర్ర మీద దాని లాభం బాగా తెలుస్తుంది. చాలా ఉలుల్లో మొన ఒక చిన్న బిళ్ళ. స్క్రూతో బిగిస్తారు. నలుచదరపు బిళ్ళ ఒక అంచు మొద్దుబారితే తిప్పి రెండో అంచు వాడుకోవచ్చు. అట్లా నాలుగు అంచులు.

వాడే పద్ధతి వేరు. ఉక్కు ఉలిని పైకెత్తి, దాని ఏటవాలు భాగాన్ని కర్రకు ఆనించి కోస్తాం. కార్బైడు బిళ్ళ ఉలిని టూల్ రెస్టు మీద మట్టసంగా పెట్టి, మొన కర్ర నడిమి ఎత్తుకు వచ్చేట్టు పట్టాలి. అది కోయడం కంటే గీకడమే ఎక్కువ. అందుకే కొత్తవాడికి తొందరగా అబ్బుతుంది. కానీ మెత్తటి కర్ర మీద నార లేస్తుంది. కడపటి చేయి పదునైన ఉక్కు ఉలితో వేస్తేనే నునుపు. కార్బైడు గట్టిదే గాని పెళుసు. కింద పడితే అంచు రాలుతుంది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. చెన్నపట్న బొమ్మలదీ ఆ కర్రే. కన్నడంలో 'హాలె' అంటారు. 1953లో బళ్ళారి జిల్లాను విడదీసి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలో కలిపినప్పుడు గీత నేల మీద పడింది, చేతిపని మీద పడలేదు. ఆ బొమ్మల విలువ పనివాడి చేతి నేర్పులో ఉంది. ఏ ఉలి వచ్చినా నేర్పు అక్కర లేదనే మాట నమ్మకండి. ఆ మాట వెనకాలే కూలి తగ్గింపు వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. పనివాడు గంటకు రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు ఉలికి సాన పడతాడనుకుందాం. ఎనిమిది గంటల్లో 80 నిమిషాలు. ఒక కోడుకు పది నిమిషాలైతే, సాన మానేస్తే రోజుకు ఎనిమిది కోళ్ళు అదనం. యజమాని ఏమంటాడు? "పని సులువైంది, పీసు రేటు తగ్గిస్తా" అంటాడు. పైగా బిళ్ళ ఖరీదు కూలిలో కోస్తాడు. అప్పుడు ఎనిమిది కోళ్ళు ఆయనవి, అరిగిన బిళ్ళ మనది! మగ్గాలు ఎక్కువ అప్పగించి పాత జీతమే ఇచ్చిన రోజులు మరిచిపోయామా?

ఇక ఆరోగ్యం. దూది దుమ్ముతో సోమవారం షిఫ్టులో ఛాతీ బిగిసే జబ్బు మనకు కొత్త కాదు. కర్ర దుమ్ము కూడా అట్లాంటి శత్రువే. అది క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. కార్బైడును సాన పట్టినప్పుడు లేచే కోబాల్టు కలిసిన దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మామూలు సానరాయి కార్బైడుకు పనికిరాదు. పచ్చ సిలికాన్ కార్బైడు రాయి గాని, వజ్రపు చక్రం గాని కావాలి. ఎర్రగా కాలిన మొనను నీళ్ళలో ముంచితే పగులుతుంది.

కాబట్టి మన కోరికలు ఇవి:

1. బిళ్ళలు, సానచక్రం ఖర్చు యజమానిదే.
2. కొత్త ఉలి పేరుతో పీసు రేటు తగ్గించరాదు. అదనపు పనికి అదనపు కూలి.
3. లేతు దగ్గర, సాన దగ్గర దుమ్ము లాగే ఫ్యాను, ముఖానికి అద్దం, మాస్కు ఇవ్వాలి.
4. ఉక్కు ఉలి పని కూడా కొత్తవాళ్ళకు నేర్పాలి.

మన వంతు జాగ్రత్తలూ ఉన్నాయి. తిరిగే లేతు దగ్గర చేతి తొడుగులు, వేలాడే తువ్వాలు, వదులు చీర కొంగు వద్దు. కర్రకూ టూల్ రెస్టుకూ మధ్య సందు ఎక్కువ ఉంచవద్దు. లేతు ఆపిన తర్వాతే రెస్టు జరపండి.

మిత్రులారా, పనిముట్టు మనకు శత్రువు కాదు. అది మిగిల్చే 80 నిమిషాలలో మన వాటా ఎంతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. కొత్త ఉలి షెడ్డులోకి వచ్చిన రోజే రేటు కాగితం మీదికి రావాలి. ఒక్కడు అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారు. అందరం కలిసి అడుగుదాం.